హ్యాపీ వ్యాలీ గుర్రాలు, వాటి దాణా

హాంకాంగ్ దీవిలో ట్రాములు 1904 నుంచి నడుస్తున్నాయి. ఇప్పటివన్నీ రెండంతస్తులవే. గంట చప్పుడును బట్టి అక్కడి జనం వాటిని ‘డింగ్ డింగ్’ అంటారు. సముద్రం ఒడ్డు వెంబడి తూర్పు పడమరలుగా సాగే ఆ దారిలో కొన్ని బళ్ళు మాత్రం మధ్యలో కొండల వైపు మళ్ళి, ఒక పచ్చటి మైదానాన్ని చుట్టి వెనక్కి వస్తాయి. ఆ బళ్ళ నుదుట ఇంగ్లీషులో ‘హ్యాపీ వ్యాలీ’ అని ఉంటుంది. పక్కనే చైనా లిపిలో ఇంకో పేరు. దాని అర్థం అడిగితే ‘గుర్రాలు పరుగెత్తే నేల’ అని చెప్పారు. పేరు పెట్టడంలో చైనావాళ్ళే నిజాయితీపరులనిపించింది.

ఇంగ్లీషువాళ్ళు 1840 ప్రాంతాల్లో వచ్చి దిగినప్పుడు అది బురద లోయ. అక్కడ విడిది చేసిన సైనికులు జ్వరాలతో రాలిపోయారు. వాళ్ళను పూడ్చడానికి పక్కనే కొండవాలులో శ్మశానం వెలిసింది. బురద పూడ్చగా వచ్చిన చదునునేల మీద 1846 డిసెంబరులో గుర్రప్పందేలు మొదలుపెట్టారు. 1884లో జాకీ క్లబ్బు పుట్టింది. 1918 ఫిబ్రవరి 26న వెదుళ్ళతో కట్టిన తాత్కాలిక గ్యాలరీలు కూలి, నిప్పంటుకుని, సుమారు ఆరువందల మంది చనిపోయారు. ఇప్పటికీ రేసుకోర్సు గేటు దగ్గర నిలబడి రోడ్డుకు అవతల చూస్తే ముస్లింల శ్మశానం, కాథలిక్కులది, పాతకాలపు ఇంగ్లీషువాళ్ళది, పార్సీలది వరసగా కనబడతాయి. పార్సీలది 1852 నాటిది. ఆ వరసలోనే 1953లో కట్టిన మన హిందూ దేవాలయం కూడా ఉంది. దేవుడు, శ్మశానం, రేసుకోర్సు ఒకే రోడ్డు మీద ఇంత దగ్గరగా ఉన్న ఊరు నేను మరొకటి చూడలేదు.

నేను అక్కడికి విహారానికి వెళ్ళలేదు. 2024 నవంబరులో మా అక్క పంపితే వెళ్ళాను. అక్క కొడుకు హాంకాంగ్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఏడేళ్ళు దాటి శాశ్వత నివాస హక్కు కూడా వచ్చింది కనుక వీసా బెంగ లేదు. భార్య, ఒక ఆడపిల్ల. ఉద్యోగం మానేసి గుర్రప్పందేల మీదే బతుకుతానని వాడు తల్లికి ఫోనులో చెప్పాడు. అక్క మద్రాసులో మా ఇంటికొచ్చి, “నేను చెబితే ఏడుపంటాడు, వాళ్ళ నాన్న చెబితే కోపమంటాడు. నువ్వు ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో జనం లెక్కలు చూస్తున్నావు. వాడి లెక్క కూడా ఒకసారి చూసి రా. అప్పు అడగడానికి వచ్చాడనుకో” అంది. ఆ చివరి మాటే నన్ను విమానం ఎక్కించింది.

హ్యాపీ వ్యాలీలో పందేలు బుధవారం రాత్రి పూట జరుగుతాయి. సెలవు రోజుల పందేలకు 1978లో అవతలి ఒడ్డున షా టిన్ దగ్గర ఇంతకంటే పెద్ద కోర్సు కట్టారు. ప్రవేశ రుసుము పది డాలర్లు, అంటే మన లెక్కలో నూటపది రూపాయల పైమాట. లోపలికి వెళ్ళగానే కళ్ళు చెదిరాయి. నాలుగు వైపులా ముప్ఫై, నలభై అంతస్తుల ఇళ్ళు, వాటి నడుమ గిన్నెలా మైదానం, పట్టపగలులా దీపాలు. చుట్టు కొలత సుమారు 1,450 మీటర్లు. గుర్రాలు తిరిగే దారికి లోపల ఫుట్‌బాల్ మైదానాలున్నాయి. కంచె దగ్గర తెల్లవాళ్ళు, కుర్రకారు బీరు గ్లాసులతో పాటలు వింటూ నిలబడతారు. వాళ్ళలో చాలామంది గుర్రాల వైపు చూడనైనా చూడరు. పైన మెట్ల మీద కూర్చున్న ముసలివాళ్ళు వేరే జాతి. చేతిలో రేసు పేపరు మడత, చెవి వెనక పెన్సిలు, పక్కన ఫ్లాస్కులో టీ. పందెం ముగిసినా వాళ్ళ మొహంలో మార్పుండదు. పేపరు మీద ఒక గీత గీసి తరవాతి పందేనికి వెళ్ళిపోతారు.

ఇక్కడ బుకీలు లేరు. చట్టబద్ధంగా పందెం తీసుకునేది క్లబ్బొక్కటే, అదీ లాభాపేక్ష లేని సంస్థగా. పద్ధతి టోట్. అంటే మనం కాసేది క్లబ్బుతో కాదు, పక్క బెంచీవాడితో. అందరి డబ్బూ ఒక రాశిగా పోసి, గెలుపు పందెంలో అయితే అందులో 17.5 శాతం ముందుగా తీసేసి, మిగతాది గెలిచినవాళ్ళకు పంచుతారు. తీసినదాంట్లోంచి ప్రభుత్వ పన్ను, క్లబ్బు ఖర్చు, దానధర్మాలు నడుస్తాయి. కనుక నూరు డాలర్లు ఆ కిటికీలో పెట్టిన క్షణాన, సగటు మనిషికి అవి 82 డాలర్ల 50 సెంట్లు అయిపోయినట్టే. తక్కిన జనంతో సమానంగా తెలివైనవాడు నిలకడగా ఓడిపోతాడు.

“సమానంగా కాదు మామయ్యా, నేను వాళ్ళకంటే మెరుగు” అన్నాడు మావాడు. “గుర్రప్పందెం అదృష్టం కాదు, నేర్పు అని మన సుప్రీంకోర్టే చెప్పింది.”

చెప్పిన మాట నిజమే. 1996లో, మా మద్రాసు రేసు క్లబ్బు వ్యవహారంలోనే చెప్పింది. 1968లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులో పేకాటలోని రమ్మీ గురించి కూడా ఇంచుమించు ఇలాగే చెప్పింది. అయితే కోర్టు తేల్చింది అది జూదం చట్టం కిందికి వస్తుందా రాదా అని. ఆ నేర్పు బియ్యం కొనిపెడుతుందా అన్నది కోర్టు ముందుకు వచ్చిన ప్రశ్న కాదు.

మూడో పందేనికీ నాలుగో పందేనికీ మధ్య వాడు తన లెక్కలు తెరిచి చూపాడు. కుర్రవాడు శ్రద్ధగలవాడు, అది ఒప్పుకోవాలి. తేదీ, గుర్రం, ఆడ్స్, కాసిన మొత్తం, ఫలితం అన్నీ పట్టికలో ఉన్నాయి. జీతంలోంచి మిగిల్చిన 5 లక్షల డాలర్లు పెట్టుబడి. రేసు భాషలో దీన్ని బ్యాంక్‌రోల్ అంటారు. ఆ పేరులో మా బ్యాంకు ఎందుకు దూరిందో గాని, మూలధనం అంటే సరిపోతుంది. అంతకుముందు సీజనులో 110 పందేలు కాశాడు, ఒక్కొక్కటి అయిదువేల నుంచి పాతికవేల వరకు. నికర లాభం 1,60,000 డాలర్లు.

బ్యాంకులో ఎవరైనా ఇలాంటి లాభం చూపితే మేం మొదట వెతికేది అందులో ఒక్కసారికి వచ్చి పోయే ఆదాయం ఎంత ఉందా అని. వ్యాపారి ఆ ఏడు పాత గోదాము అమ్మి ఉంటాడు, లాభం ఉబ్బి కనబడుతుంది. ఇక్కడ గోదాము ఒక గుర్రం. ఏప్రిల్‌లో ఒక రాత్రి ఒకటికి ఆరు ఉన్న గుర్రం మీద పాతికవేలు కాస్తే లక్షా యాభైవేలు వచ్చాయి. దాన్ని తీసేస్తే తక్కిన 109 పందేలకూ కలిపి మిగిలింది పదివేలు.

మావాడికి ఆదర్శం బిల్ బెంటర్ అనే అమెరికన్. ఆయన కథ చెప్పుకోదగ్గదే. లాస్ వేగాస్‌లో బ్లాక్‌జాక్ ముక్కల లెక్కపెట్టి గెలుస్తూ ఉంటే క్యాసినోలవాళ్ళు గుమ్మం తొక్కనివ్వలేదు. 1980ల నడుమ అలన్ వుడ్స్ అనే ఆస్ట్రేలియన్‌తో కలిసి ఈ హ్యాపీ వ్యాలీకి వచ్చాడు. గుర్రాల వివరాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించి ఏది ఎంత శాతం గెలుస్తుందో అంచనా కట్టేవాడు. మొదటి సీజనులోనే తెచ్చిన డబ్బులో ఎక్కువ భాగం ఊడ్చుకుపోయింది. మళ్ళీ డబ్బు కూడదీసుకుని, లెక్క సరిదిద్దుకుని వచ్చాడు. సరిదిద్దినదేమిటో ఆయనే 1994లో ఒక వ్యాసంలో రాశాడు. తన కంప్యూటరు అంచనాను ఒంటరిగా నమ్మకుండా, జనం కాసిన డబ్బు చెప్పే అంచనాను కూడా అందులో కలిపాడు. ఆ మెట్ల మీది ముసలివాళ్ళ పెన్సిలు గీతల్ని గౌరవించాక గాని ఆయనకు డబ్బు రాలేదన్నమాట. తరవాత వచ్చింది మామూలు డబ్బు కాదు. 2001 నవంబరులో ఆయన బృందం ఒక్క ట్రిపుల్ ట్రయోలో పది కోట్ల హాంకాంగ్ డాలర్ల పైచిలుకు గెలిచి, ఆ టికెట్లు మార్చుకోకుండా వదిలేసిందని 2018లో ఒక అమెరికన్ పత్రిక రాసింది. అడగని సొమ్ము క్లబ్బు ధర్మనిధికి పోతుంది.

మావాడికి ఈ చివరి వాక్యం కంఠతా వచ్చు. మధ్యలోని వాక్యాలు రావు.

ఎంత కాయాలి అన్నదానికి ఒక సూత్రం ఉంది. 1956లో బెల్ ప్రయోగశాలలో పనిచేసే జాన్ కెల్లీ అనే ఆయన రాసింది. దాన్ని పామరభాషలో చెబితే ఇంతే: నూటికి నీకున్న మొగ్గు ఎంతో, దాన్ని ఆడ్స్‌తో భాగించు. మూలధనంలో అన్ని పాళ్ళే ఒక పందేనికి. నీకు నూటికి నాలుగు మొగ్గు ఉందనుకుందాం, గుర్రం ఒకటికి నాలుగు. నాలుగు బై నాలుగు, ఒక శాతం. అయిదు లక్షల మీద అయిదువేలు. దానికి రెండింతలకు మించి కాస్తే, నిజంగా మొగ్గు ఉన్నవాడి డబ్బు కూడా పెరగడం మానేసి తరగడం మొదలెడుతుంది. తన అంచనాలో తప్పుండవచ్చు గనుక వృత్తిగా ఆడేవాళ్ళు చాలామంది అందులో సగమే కాస్తారు. అంటే రెండువేల అయిదువందలు.

మావాడు నమ్మకం కుదిరినప్పుడు కాసేది పాతికవేలు. అంటే అయిదు శాతం, సూత్రం చెప్పినదానికి అయిదింతలు. పదివేలు, ఆపైన కాసి ఓడితే పదిశాతం వెనక్కిచ్చే ఏర్పాటు అక్కడ ఉంది. పెద్దగా కాయడానికి అదొక సాకు.

“ఇరవై పందేలు వరసగా పోతే ఏం చేస్తావురా?” అన్నాను.

“ఇరవై వరసగా ఎందుకు పోతాయి మామయ్యా?”

అక్కడే కాగితం తీశాను. ఒకటికి నాలుగు ఆడ్స్ మీద నూటికి నాలుగు మొగ్గు ఉన్నవాడు నూటికి సుమారు 21 పందేలు గెలుస్తాడు, 79 ఓడతాడు. అలాంటివాడు ఒక సీజనులో అయిదువందల పందేలు కాస్తే, వరసగా ఇరవై ఓడే ఘట్టం కనీసం ఒకసారి రావడానికే ఎక్కువ అవకాశం. అది దురదృష్టం కాదు, మామూలు. సగం సూత్రం ప్రకారం కాసినవాడికి అప్పుడు మూలధనంలో పదోవంతు పోతుంది. పాతికవేల చొప్పున కాసినవాడికి ఇరవై పాతికలు అయిదు లక్షలు, ఆఖరి డాలరు దాకా. ధర్మరాజు కూడా ఓడింది పాచికల దగ్గర మాత్రమే కాదు. పోయిందల్లా ఒక్క ఎత్తులో రాబట్టాలని పందెం పెంచుకుంటూ పోవడం దగ్గర ఓడాడు. మాకు ఒక్క ఖాతాదారుడికి ఇంతకు మించి ఇవ్వకూడదని పరిమితి ఉంటుంది, ప్రతి నూరు రూపాయల రిస్కుకీ ఇంత సొంత మూలధనం ఉండాలని 1992 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. హస్తినలో ఎవరూ అది రాయలేదు.

ఇంతవరకు మావాడు ఒప్పుకున్నాడు. “సరే, రెండువేల అయిదువందలే కాస్తాను. ఇక నీ అభ్యంతరం ఏమిటి?” అన్నాడు.

అసలు అభ్యంతరం ఆ రాత్రి రేసుకోర్సులో దొరకలేదు. మర్నాడు ఇంట్లో దొరికింది. కోడలుపిల్ల కాఫీ ఇచ్చి, ఏమీ అనకుండా ఒక నోటుపుస్తకం నా పక్కన పెట్టి వెళ్ళింది. ఇంటి ఖర్చుల పుస్తకం. అద్దె, కరెంటు, పాప బడి, కూరగాయలు, మందులు, మా అక్కకు పంపేది. మూడేళ్ళ లెక్క తెలుగులో, గుండ్రని అక్షరాలతో. నెలకు సగటున నలభైవేల డాలర్లు. ఆ ఊళ్ళో అది ఆడంబరమేమీ కాదు.

బి.కాం. మొదటి ఏడు చదివిన ప్రతివాడికీ సొంతవాడకాలు అనే పద్దు తెలుసు. వ్యాపారి తన కొట్లోంచి ఇంటికి తీసుకెళ్ళే డబ్బు అది. అది ఖర్చు కాదు, లాభనష్టాల ఖాతాలో కనబడదు. తిన్నగా మూలధనంలోంచి తీసివేస్తారు. కెల్లీ సూత్రంలో ఈ పద్దు లేదు. అందులోని మనిషి అన్నం తినడు, అద్దె కట్టడు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మనవాళ్ళ సామెత. రేసుకోర్సులో గుర్రం గెలిచినా ఓడినా ఇంట్లో దాణా నలభైవేలు.

ఆ పుస్తకాన్నీ వాడి పట్టికనీ పక్కపక్కన పెట్టాను. రెండువేల అయిదువందల పందేనికి, నూటికి నాలుగు మొగ్గు చొప్పున, సగటున వచ్చేది వంద డాలర్లు. నలభైవేలు రావాలంటే నెలకు నాలుగువందల పందేలు కాయాలి. హాంకాంగ్‌లో రెండు కోర్సులూ కలిపి సీజనుకు 88 రోజులే పందేలు, నెలకు సుమారు ఎనిమిది. జూలై నడుమ నుంచి సెప్టెంబరు దాకా అసలు లేవు. ప్రతి పందెంలోనూ మొగ్గు దొరకదు. నూటికి నాలుగు మొగ్గు అంటే, ఆ 17.5 శాతం కోత పోగా మిగలాలి కనుక, వాడు ఎంచిన గుర్రం జనం అనుకున్నదానికంటే నాలుగోవంతుకు పైగా ఎక్కువసార్లు గెలవాలి. అలాంటి గుర్రాలు రోజుకు మూడు దొరికాయనుకున్నా నెలకు 24 పందేలు, 2,400 డాలర్లు. నెలసరి ఖర్చు నలభైవేలు. ఏడాది తిరిగేసరికి మూలధనం అడుగంటుతుంది. అది కూడా వాడు అనుకున్నంత మొనగాడే అయితే.

అదే వరసన నెలకు నలభైవేలు తీసుకోవాలంటే పెట్టుబడి 83 లక్షల డాలర్లు ఉండాలి. అంత డబ్బున్నవాడు మూడు శాతానికి డిపాజిట్ చేసుకుని కూర్చున్నా ఖర్చులో సగం ఏ గుర్రమూ పరుగెత్తకుండానే వస్తుంది. వడ్డీ ముందు వడిగల గుర్రాలు కూడా పారవని ఊరికే అనలేదు.

ఇంకొకటి కూడా వాడు ఆలోచించలేదు. తన నేర్పు నిజమో, ఏప్రిల్ నాటి అదృష్టమో ఎన్నాళ్ళకు తేలుతుంది? ఈ ఆడ్స్‌తో, ఇంత చిన్న మొగ్గుతో, రెండున్నరవేల పందేలు కాశాక కూడా మంచి నేర్పున్నవాడు ఆరుగురిలో ఒకడు నష్టంలోనే ఉంటాడు. గట్టిగా తేలాలంటే పదివేలు కావాలి. ఏడాదికి 250 పందేలు కాసేవాడికి రెండున్నరవేలకే పదేళ్ళు పడుతుంది. బెంటర్ యంత్రాలు పెట్టుకుని, మనుషుల్ని పెట్టుకుని, వేలకువేల పందేలు కాసింది ఇందుకే. అది ఒక భీమా కంపెనీ నడిపినట్టు, ఒక మనిషి ఉద్యోగం మానేసి చేసే పని కాదు.

“ఇక్కడ ఖర్చెక్కువ గనుక ఈ లెక్క. బెంగుళూరు వచ్చేసి ఆడితే?” అన్నాడు.

హాంకాంగ్‌లో పందెంలో గెలిచినవాడి మీద పన్ను లేదు. మన దేశంలో గెలిచిన ప్రతి రూపాయి మీదా 30 శాతం ఆదాయపు పన్ను ఉంది, ఓడిన డబ్బును అందులోంచి తీసివేయనివ్వరు. ఇది మనవాళ్ళలో చాలామందికి తెలియదు గనుక అంకెలతో చెబుతాను. వంద రూపాయల చొప్పున వెయ్యి పందేలు, పైన చెప్పిన నేర్పుతోనే. 208 గెలుపులకు వచ్చేది 83,200. 792 ఓటములకు పోయేది 79,200. చేతిలో మిగిలింది నాలుగువేలు. పన్ను 83,200 మీద, అంటే 24,960. నాలుగువేలు సంపాదించి పాతికవేలు కట్టాలి. ఇది కాక పందెం పూర్తి మొత్తం మీద జి.ఎస్.టి. ఉంది. 2023 అక్టోబరు నుంచి 28 శాతం ఉన్నదాన్ని 2025 సెప్టెంబరులో 40 శాతం చేశారు. కనుక అప్పటికంటే ఇప్పుడు ఆ దారి ఇంకా ఇరుకు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. పాప వచ్చి ఒళ్ళో కూర్చుంటే దాని జుట్టు సవరిస్తూ, “అయితే నన్ను పూర్తిగా మానెయ్యమంటావు” అన్నాడు.

“బ్యాంకువాడు వ్యాపారం మానమనడురా. ఇంత ప్రతిపాదనకు ఇంత అప్పు మంజూరు కాదంటాడు. అంతే.”

మంజూరైనది ఇది. అయిదు లక్షల్లో అరవైవేలు మాత్రం పందెం ఖాతా, వేరే పద్దు. ఒక పందేనికి మూడువందలకు మించరాదు, అంటే అరశాతం. ఆ ఖాతాలోంచి ఇంటికి ఒక్క డాలరు రాకూడదు, ఇంట్లోంచి ఆ ఖాతాకు ఒక్క డాలరు పోకూడదు. అరవైవేలూ అయిపోతే ఆట అయిపోయినట్టు. తక్కిన 4,40,000 భార్య పేర డిపాజిట్. ఉద్యోగం సంగతి పదేళ్ళ తరవాత మాట్లాడుకుందాం అన్నాను. వాడు నవ్వాడు. కోడలుపిల్ల నవ్వలేదు గాని, డిపాజిట్ కాగితాల మీద సంతకానికి కళ్ళజోడు తెచ్చుకుంది.

సాయంత్రం గుడికి వెళ్ళాం. వచ్చేటప్పుడు చీకటి పడింది. ఆ రోజు పందేలు లేవు కనుక దీపాలు లేవు. గిన్నె అడుగున చీకట్లో పిల్లలెవరో ఫుట్‌బాల్ ఆడుతున్న కేకలు వినబడ్డాయి.

మూడు నెలలకోసారి వాడు పట్టిక పంపిస్తాడు, నేను చూసి సరే అని రాస్తాను. 2025 జూలైలో సీజను ముగిసేసరికి 163 పందేలు, నికరంగా 2,100 డాలర్లు నష్టం. నేర్పు లేదనడానికి అది చాలదు, ఉందనడానికీ చాలదు. మా అక్క మాత్రం ఆదివారం ఆదివారం ఫోను చేసి, “అంకెలొద్దు, వాడు మానేశాడా లేదా అది చెప్పు” అంటుంది. మానలేదు. ఉద్యోగమూ మానలేదు.